నిలబెట్టుకోమన్న చెట్లు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. మా కాలేజీకి తాళం పడి పక్షం దాటింది. కాగితాల మీద ఆ ఊరు మహబూబాబాద్, మా నోళ్లలో మానుకోట. అక్కడ డిగ్రీ పిల్లలకు నేను వృక్షశాస్త్రం చెప్పేటోణ్ణి. పొద్దున పదింటికల్లా టెంటు కింద చేరేది, నినాదాలిచ్చేది, మధ్యాహ్నం రోడ్డు మీదనే వండుకొని తినేది. భూపాలపల్లి దిక్కు బొగ్గు బాయిలు బంద్ అయినయి. కరెంటు ఎప్పుడు వస్తదో, ఎప్పుడు పోతదో తెలిసేది కాదు. అయినా అందరి ముఖాల్లో ఒక వెలుగు ఉండేది. ఇంత కష్టపడుతున్నం, ఇగ రాష్ట్రం రాకుంట పోతదా అని.

ఆ టెంటు దగ్గరికి ఒకనాడు ఒక లంబాడా ముసలమ్మ వచ్చింది. మోచేతుల దాకా తెల్లగాజులు, చేతిలో చిన్న గుడ్డ మూట. వ్యవసాయ ఆఫీసు దగ్గరికి పోతే అక్కడా సమ్మేనట. అక్కడి సార్లు మా పక్క టెంటులోనే కూసున్నరు. వాళ్లలో ఒకాయన నా వైపు చెయ్యి చూపించిండు.

"చెట్ల చదువు చెప్పే సారు గాయనే. గాయన్ని అడుగు అవ్వా."

ఆమె నా ముందర నేల మీద కూసొని మూట విప్పింది. లోపల అరచెయ్యంత మామిడి బెరడు ముక్క. పైన గుండుసూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రాలు. తిప్పి చూస్తే లోపలి వైపు అడ్డదిడ్డంగా తవ్విన కాలువలు, కాఫీ పొడి లాంటి పొట్టు. ఆ పొట్టులో నువ్వుగింజలో సగం లేని గోధుమరంగు పురుగొకటి నడుస్తున్నది.

"ఇవి నా చెట్లను తింటున్నయి సారూ. నాలుగు చెట్లు పోతున్నయి. ఆకు రాలుతలేదు, కొమ్మకే ఎండి ఏలాడుతున్నది. మందు చెప్పు."

నాకు లోపల ఎగిరి గంతేసినట్టయింది. నేను వరంగల్‌లో పీహెచ్‌డీకి పేరు రాయించుకొని అప్పటికి రెండేండ్లు. నా విషయమే మామిడి బెరడు పురుగులు, అవి మోసుకొచ్చే బూజులు. రెండేండ్లు తిరిగినా నాకు కావాల్సిన తోట దొరకలేదు. ఎక్కడికి పోయినా చెట్టు పూర్తిగా చచ్చినంకనే నాకు కబురొచ్చేది. ఇప్పుడు జబ్బు మొదలైన తోట తానే నడిచి నా దగ్గరికి వచ్చింది. ఆమె దిగులు ముఖం ముందర నా సంతోషాన్ని దాచుకున్న. ఇన్నేండ్ల తరువాత ఈ కథ చెప్పుకోవాలంటే, అక్కడి నుంచే నా తప్పును మొదలుపెట్టాలె.

బస్సులు లేవు. మరునాడు మోటారు సైకిల్ మీద గూడూరు దాటి పోయిన. అడవి అంచుకు ఉంది వాళ్ల తండా. తండాలో అందరూ ఆమెను యాడి అంటరు. వాళ్ల భాషలో అమ్మ అని. నేనూ అట్లనే పిలవడం మొదలుపెట్టిన. ఇరవై రెండు మామిడి చెట్లు. అవి చిన్న మొక్కలున్నప్పుడు ఆమె పెనిమిటి వాటికి వాగు నుంచి కావడితో నీళ్లు మోసి పెంచిండట. ఆయన పోయి నాలుగైదేండ్లు. ఒక్కడే కొడుకు, భూపాలపల్లి బొగ్గు బాయిలో కాంట్రాక్టు కింద పని చేస్తడు. బాయి బంద్ కాబట్టి ఇంటికాడనే ఉన్నడు. నేను పొయ్యేసరికి గొడ్డలికి పదును పెడుతున్నడు.

"సార్, ఈ నాలుగు నరికేసి కాలబెడుదమనుకుంటున్న," అన్నడు. "మా బాపు ఉన్నప్పుడు ఏ కొమ్మకు రోగమొచ్చినా గట్లనే చేసేటోడు. నేను మళ్ల డ్యూటీ ఎక్కితే యాడి ఒక్కతే. ఆమెతోని కాదు."

"జర ఆగు తమ్మీ, ముందు చూడనియ్యి."

చెట్ల చుట్టూ తిరిగిన. నాలుగు చెట్లు వరుసకు చివర, రాళ్ల నేల మీద ఉన్నయి. చాకుతో బెరడు కొంచెం లేపితే కింద కట్టె గోధుమరంగు చారలు దేలి ఉంది. బూజు నీళ్ల దారుల్లోకి దిగిందని గుర్తు. బావి దగ్గరి చెట్లకు కూడా పురుగు తాకింది. కాని అక్కడ ప్రతి రంధ్రం దగ్గర ఎర్రటి బంక ఉబ్బి ఉంది. ఒక బంక ముద్దను గిల్లి చూస్తే లోపల పురుగు చిక్కుకొని చచ్చి ఉంది.

యాడి ఆ బంకను చూసి భయపడుతున్నది. "ఇది గూడ ఏడుస్తున్నది సారూ. ఇది గూడ పోతదా?"

"ఏడుసుడు కాదు యాడీ. పురుగు లోపలికి రాకుంట చెట్టు బంకతోని బయటికి నూకుతున్నది. బంక కారేది మంచిదే."

"మరి ఆ నాలిగింటికి బంక ఎందుకొస్తలేదు?"

ఆ ప్రశ్న దగ్గర నేను ఆగి ఉండాల్సింది. బంక చెయ్యాలంటే చెట్టుకు నీళ్లు కావాలె, బలం కావాలె. రాళ్ల నేల మీది చెట్లకు ఆ రెండూ లేవు. ఈ ముక్క నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పిన్నో. కాని ఆ రోజు నా మనసంతా పురుగు మీద, అది మోసే బూజు మీద ఉంది. "అవి బాగ నీరసపడ్డయి," అని ఒక్క మాట అని, గాజు సీసాలో పురుగులను ఏరుకున్న.

వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పిన. పురుగు ఒక్కటే చెట్టును చంపదు. దాని ఒంటికి బూజు గింజలు అంటుకొని ఉంటయి. పురుగు బెరడు తొలిచి లోపలికి పోతే ఆ గింజలు అక్కడ మొలకెత్తుతయి. ఆ బూజు చెట్టు నీళ్లు తాగే దారులను మూసేస్తది. అయితే ఏ బూజుకైనా ఒక వేడి సరిపడుతది, ఒకటి సరిపడదు. "మీ చెట్లకొచ్చింది ఏ వేడికి బతుకుతదో, ఏ వేడికి ఆగుతదో పరీక్ష చేసి చెప్త. అప్పటిదాంక నరకద్దు," అన్న. కొడుకు గొడ్డలి పక్కన పెట్టిండు. అట్లా ఒక చదువుకున్నోడి మాటకు గౌరవమిచ్చిండు.

ల్యాబు తాళం మా అటెండర్ అక్క దగ్గర ఉండేది. ఆమె కూడా సమ్మెలోనే ఉంది. అయినా నా పురుగులు చచ్చిపోతయంటే సాయంత్రం పూట వచ్చి తలుపు తీసేది. పదో తరగతి చదివింది. ఆ ల్యాబులో ఇరవై ఏండ్లుగా గాజు పళ్లేలు కడిగి కడిగి, మా కంటే ఎక్కువ చూసిన మనిషి. ఆలుగడ్డలు ఉడకబెట్టిన నీళ్లలో చక్కెర, గడ్డకట్టే పొడి కలిపి గాజు పళ్లేల్లో పోసినం. ఆ మెత్తటి గడ్డ మీద ఒక్కో పురుగును నడవనిచ్చి తీసేసినం. మూడు నాలుగు రోజులకు పురుగు నడిచిన దారి వెంట బూజు మొలిచింది. ఆ పాదాల జాడ చూసి అక్క, "అబ్బ, ముగ్గు ఏసినట్టు ఎంత మంచిగొచ్చింది సార్," అన్నది.

మొలిచిన బూజును మూడు తీర్ల వేడి దగ్గర పెంచాలనుకున్నం. కొన్ని పళ్లేలు తడి గోనెసంచి కప్పిన కుండలో, కొన్ని బీరువాలో. కొన్ని మే నెల ఎండంత వేడి ఉండే ఇంక్యుబేటర్‌లో. వాటి పక్కన పురుగు నడవని ఖాళీ పళ్లెం ఒకటి కూడా పెట్టినం. బయటి దుమ్ము నుంచి ఏమన్న వచ్చిందా అని చూసుకోవటానికి అది లెక్క. కాని కరెంటు నిలకడగా ఉండేది కాదు. ఇంక్యుబేటర్ చల్లబడ్డప్పుడల్లా ఆ పళ్లేలన్నీ డబ్బాలో పెట్టుకొని డాబా మీది రేకుల గదిలోకి ఎత్తుకపోయేటోళ్లం. మధ్యాహ్నం పూట ఆ గది ఇంక్యుబేటర్ కంటే తక్కువేం కాదు.

పది రోజులకు ఫలితం కనిపించింది. చల్లటి కుండలోనూ, బీరువాలోనూ గోధుమరంగు బూజు చక్కగా పరుచుకుంది. పుస్తకాల్లో ఉన్న బూజే అది. వేడి పళ్లేల్లో అది ముడుచుకొని ఆగిపోయింది. కాని వాటిల్లో ఇంకోటి ఏదో వచ్చింది. బూడిదరంగులో మొదలై, రెండు రోజుల్లోనే పళ్లెమంతా నిండి, నల్లగా మారింది.

"ఇది దుమ్ముతోని వచ్చిందక్కా," అని నవ్వుతూ చెత్తబుట్ట దగ్గరికి తీసుకపోతున్న. రేకుల గదిలో పెట్టినం గదా, గాలికి ఏదో పడ్డది అనుకున్న.

అక్క నా చేతిని ఆపింది. "ఒక్క నిమిషం సార్. పురుగు లేని పళ్లెం గూడ అదే గదిల ఉండె గద. దాంట్ల ఏం రాలే."

"దాని మూత గట్టిగ ఉన్నదేమో."

"అన్ని మూతలు నేనే పెట్టిన సార్. అన్నీ ఒకతీరుగనే పెట్టిన. దుమ్మయితే ఏరి ఏరి పురుగు నడిచిన వాటిల్లనే పడుతదా?"

ఆమె చెప్పింది సరిగ్గా ఆలోచించేటోళ్లు చెప్పే మాట. ఆ మాట నేను చెప్పాల్సింది. కాని నాకు అప్పటికే కావాల్సిన ఫలితం వచ్చేసింది. బూజు వేడికి ఆగిపోతున్నదని నా దస్తరంలో రాసుకున్న. ఇప్పుడు ఈ నల్లదాన్ని ఒప్పుకుంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలె, అది ఏదో కనుక్కోవాలె, కరెంటు లేని రోజుల్లో మళ్లీ ఈ తిరుగుడంతా తిరగాలె. "నీకు తెల్వదక్కా," అన్న. ఆమె నా చెయ్యి వదిలేసింది. ఆ పళ్లేలను సబ్బునీళ్లలో నానబెట్టింది.

నేను మళ్లీ తండాకు పోయేసరికి సమ్మె ఆగిపోయింది. బాయిలు తెరుచుకున్నయి. యాడి కొడుకు సంచి సర్దుకుంటున్నడు, రెండు రోజుల్లో డ్యూటీ.

"సార్, మరి నరకాల్నా వద్దా? ఇయ్యాల చెప్తే ఇయ్యాల నరుకుత," అన్నడు.

"వద్దు. ఈ బూజుకు వేడి పడదు. ఎండాకాలం దాంక నిలబెట్టుకోండ్రి. ఎండలు ముదిరితే దానంతటదే ఆగిపోతది. చెట్లు మళ్ల చిగురిస్తయి."

"నమ్మకమేనా సార్?"

"నేను కండ్లార చూసిన తమ్మీ."

అది అబద్ధం కాదు. కాని నాలో ఇంకో కారణం ఉంది, దాన్ని నేను బయట పెట్టలేదు. ఆ నాలుగు చెట్లు నిలబడి ఉంటేనే నాకు కాలం వెంట కాలం లెక్కలు దొరుకుతయి. చలికాలంలో బూజు ఎంత పాకింది, ఎండాకాలంలో ఎంత ఆగింది, ఏ చెట్టుకు బంక ఎంత వచ్చింది. ఒక సంవత్సరం పాటు ఒకే తోటలో చూసినోళ్లు ఎవరూ లేరని మా గైడ్ అనేటోడు. చెట్లు నరికితే నా పీహెచ్‌డీ పుస్తకం సగంలో ఆగిపోతది. కొడుకు గొడ్డలిని చూరులో చెక్కి భూపాలపల్లి పోయిండు. యాడి నన్ను కూసోబెట్టి జొన్నరొట్టె పెట్టింది.

ఆ చలికాలంలో ఒక ఆదివారం జనగామ దగ్గరి మా ఊరికి పోయిన. మాకు భూములున్నయి. మా బాపు అప్పటికి ఒళ్లు కొంచెం తగ్గినా పొద్దున్నే తోటకు పోకుంటే ఉండేటోడు కాదు. నన్ను వెంటబెట్టుకొని పోయి ఒక మామిడి చెట్టును చూపించిండు. మొదలు దగ్గర సన్నటి రంధ్రాలు, కాఫీ పొడి లాంటి పొట్టు. ఒక కొమ్మకు ఆకులు ఎండి వేలాడుతున్నయి.

"గిదేందిరా, నువ్వు చదివే పురుగేనా?"

"అదే బాపు. రేపే నరికించు. వేర్లతో సహా తీసి కాలబెట్టియ్యి. కట్టెలు ఇంటికాడ పెట్టద్దు."

"మంచి కాపు చెట్టురా. మందు లేదా?"

"మందు లేదు. ఆగితే తోటంతా పోతది."

నా నోట్లో నుంచి ఆ మాటలు ఎంత తొందరగా వచ్చినయో నాకే తెలియలేదు. ఆలోచించలేదు, పరీక్ష చేస్తనని చెప్పలేదు, ఎండాకాలం దాకా చూద్దామని అనలేదు. మరునాడు బాపు నరికించిండు. బండెడు కట్టెలు తోట అవతల కాలినయి. నేను ఆ మంట పక్కన నిలబడ్డ. అప్పుడు కూడా నాకు యాడి గుర్తుకొచ్చింది. వచ్చింది అని ఒప్పుకోవాలె. నా మనసుకు నేనే ఒక సమాధానం చెప్పుకున్న. బాపుది ఒక్క చెట్టే, యాడివి నాలుగు, అదీ ఇదీ ఒకటి కాదు అని. ఆ వారంలోనే తండాకు పోయిన. నాలుగు చెట్ల మీద సున్నంతో అంకెలు వేసిన. ఏడాది పొడవునా ప్రతి పదిహేను రోజులకూ ఇట్లనే వస్తనని యాడికి చెప్పిన.

"నరకద్దు అన్నట్టే గద?" అని అడిగింది ఆమె.

"నరకద్దు యాడీ."

ఎండలు మొదలైనయి. ఆ ఏడు కరెంటు అరకొరగా వచ్చేది. బోరు మోటారు నడిచేది తక్కువ, బావిలో నీళ్లు అడుగంటినయి. నేను నిలబెట్టుకోమన్న మాట యాడి మనసులో గట్టిగా పడ్డది. ఆమె పొద్దున లేచి బిందెతో నీళ్లు మోసి, ఆ నాలుగు రోగపు చెట్లకు పోసేది. నేను చూసి అడిగితే, "నువ్వే గద నిలబెట్టుకోమన్నవ్. బలమున్నయి ఎట్లనన్న బతుకుతయి," అన్నది. నేను కాదనలేదు. ఉన్న నీళ్లన్నీ చావబోయే చెట్లకు పోతున్నయి, బావి పక్కన బంకతో కొట్లాడే చెట్లు ఎండుతున్నయి. నా చేతిలో దస్తరం, థర్మామీటర్. గాలిలో వేడి రాసుకుంటున్న. దాహం రాసుకోలేదు.

ఏప్రిల్ చివర ఒక రోజు పోయేసరికి బావి పక్కన మొదటి చెట్టుకు రంధ్రాలు పెరిగినయి. బంక లేదు. వేలితో తడిమితే రంధ్రాల నుంచి పొడి పొట్టు రాలింది. యాడి నా వెనకాలే నిలబడి ఉంది.

"ఇది ఏడుసుడు బంద్ చేసింది," అన్నది.

చాకుతో బెరడు లేపిన. కట్టె గోధుమరంగు చారలు దేలలేదు. బొగ్గు పూసినట్టు నల్లగా ఉంది. ఆ నలుపు నేను ఇంతకు ముందు చూసిన నలుపే. చెత్తబుట్టలో పడేయబోయిన పళ్లేల్లోది. ఆ ఎండలో చెట్టు మొదలు దగ్గర కూసుండిపోయిన.

మళ్లీ ల్యాబుకు పోయి, పురుగులను మళ్లీ నడిపించి, ఈసారి ఏదీ పారేయకుంట చూస్తే అంతా తేలింది. ఆ ఒక్క పురుగు మీదనే రెండు బూజులు ప్రయాణం చేస్తున్నయి. ఒకటి చల్లటి నెలల్లో పాకేది. ఇంకోటి ఎండకు విజృంభించేది. చలికాలం దాటితే మొదటిది ఆగుతది నిజమే, కాని అది చావదు, బెరడు నీడలో పడుకుంటది. రెండోది లేచి ఆ పని అందుకుంటది. వేడికి పురుగులు కూడా తొందర తొందరగా పిల్లలు పెట్టినయి. ఎండిన నాలుగు చెట్లు వాటికి పుట్టిల్లు అయినయి. నీళ్లు లేని చెట్లు బంక కార్చలేకపోయినయి. ఎండాకాలం ఆ తోటను కాపాడుతదన్న నేను, ఎండాకాలాన్నే ఆ తోట మీదికి పంపినట్టయింది.

అటెండర్ అక్క ఆ నల్ల పళ్లేలను బల్ల మీద వరుసగా పెట్టింది. నేను ఆమెతో, "నువ్వు ఆనాడే చెప్పినవక్కా," అన్న. ఆమె నా వైపు చూడకుండనే, "పోనియ్యి సార్," అన్నది. ఆమె నన్ను దెప్పి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

వానలు పడ్డంక మిగిలినయి కూడా ఒక్కొక్కటే పోయినయి. దసరా నాటికి ఆకు పచ్చగా ఉన్న చెట్లు మూడు. కొడుకు సెలవు పెట్టి వచ్చి అన్నీ నరికిండు. నేను ఆ రోజు పోలేదు. కాలేజీలో పరీక్షలున్నయని కబురు పంపిన. పరీక్షలు నిజంగానే ఉన్నయి, కాని అడిగితే నాకు సెలవు దొరికేది. తరువాత తెలిసింది, యాడి ఆ భూమిని కౌలుకు ఇచ్చి కొడుకు దగ్గరికి భూపాలపల్లి పోయిందని. తండా దాటి ఎన్నడూ ఉండని మనిషి.

నా పుస్తకం మంచిగ వచ్చింది. రెండు బూజులు, రెండు కాలాలు, నీళ్లున్న చెట్టు, నీళ్లు లేని చెట్టు, అన్నీ అందులో ఉన్నయి. ఒక పేజీలో నేను తోట ఎట్లా పోయిందో, చెట్లు నరకద్దని ఎవరు చెప్పిండ్రో రాసిన. గైడ్ చదివి, "ఇది ఇక్కడ వద్దు, ఇది సైన్సు కాదు," అన్నడు. ఆ పేజీ తీసేసిన. దాని బదులు ఒకే వాక్యం మిగిలింది: "వ్యాధి సోకిన చెట్లను పరిశీలన కోసం తోటలోనే ఉంచడమైనది." ఎవరు ఉంచిండ్రు, ఎవరి కోసం ఉంచిండ్రు అన్నది ఆ వాక్యంలో లేదు. నేను సంతకం పెట్టిన. డాక్టర్ అని పేరు ముందర వచ్చింది.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు నేను జనగామలో ఉన్న. చౌరస్తాలో జనం ఒకరి మీద ఒకరు రంగులు పోసుకుంటున్నరు. నాతో టెంటులో కూసున్న ఒక సారు నన్ను పట్టుకొని ఏడ్చిండు. నాకూ కండ్లల్లో నీళ్లొచ్చినయి. అంతలోనే ఆ టెంటు ముందర నేల మీద కూసొని గుడ్డ మూట విప్పిన మనిషి కండ్ల ముందుకు వచ్చింది. ఆమెకు ఒక నిజం బాకీ ఉన్న. ఇంటికి పోయి బాపుతో చెప్పిన. ఆయన అంతా విన్నడు. చివరికి, "నాకు చెప్పినట్టు ఆమెకెందుకు చెప్పలేదురా?" అని అడిగిండు. మళ్ల ఆయనే, "పోయి చెప్పు," అన్నడు.

అయినా పోవటానికి ఇంకో ఏడాది పట్టింది. భూపాలపల్లిలో కార్మికుల కాలనీ వెనకాల రేకుల ఇల్లు. యాడి గడప దగ్గర కూసొని చిక్కుడుకాయ నార తీస్తున్నది. బాగ సన్నబడ్డది. చేతులకు గాజులు తక్కువైనయి. నన్ను గుర్తుపట్టి లేవబోయింది.

"చెట్ల సారు! రా బేటా, కూసో."

కొడుకు లోపల డ్యూటీకి తయారవుతున్నడు. బయటికి వచ్చి నన్ను చూసి, చెంబుతో నీళ్లిచ్చి మళ్లీ లోపలికి పోయిండు.

నేను దారి పొడవునా ఎన్నో మాటలు కూర్చుకున్న. ఒక్కటీ రాలేదు. సూటిగానే చెప్పిన. "యాడీ, ఆ ఏడే మా బాపు తోటల గదే పురుగు పడ్డది. నేను ఆయనను మరునాడే చెట్టు నరికి కాలబెట్టమన్న. నీకేమో నరకద్దన్న."

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "మీ తోట బతికిందా?"

"బతికింది."

"ఎన్ని చెట్లు?"

"నలభై దాంక."

"మంచిది," అన్నది. నిజంగానే మంచిదన్నట్టు అన్నది. తరువాత, "మరి నాకెందుకు నరకద్దన్నవ్ బేటా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. తెలియక అడిగింది.

"నాకు ఆ చెట్లు నిలబడి కావాల్నుండె. నా చదువు కోసం. రోగం ఎట్లా పాకుతదో రాసుకోవాల్నుండె. ఎండకు ఆగుతదని గూడ నమ్మిన, కాని నమ్మింది తక్కువ, కావాల్సింది ఎక్కువ."

"అయిపోయిందా ఆ చదువు?"

"అయిపోయింది."

ఆమె మళ్లీ నార తీయడం మొదలుపెట్టింది. నేను ఆమె భూమిలో కొత్త మామిడి అంట్లు పెట్టిస్తనని, నీళ్ల ఏర్పాటు కూడా నేనే చూసుకుంటనని చెప్పిన. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అక్కడ పత్తి ఏసుకుంటున్నరు. వాళ్లు బతకనియ్యి. మామిడి కాపుకొచ్చేదాంక నేనుంటనా? ఉన్నా గా దిక్కు నేను పోను." తరువాత గొంతు తగ్గించి, "నీ మాట లేకున్నా నాకు నరకబుద్ది కాలేదు బేటా. ఆయన పెట్టినయి. నువ్వు వద్దనంగనే నాకు హాయిగనిపించింది. పాపం నువ్వొక్కడివే మొయ్యకు," అన్నది.

ఆ మాట నన్ను తేలిక చెయ్యటానికి అన్నదో, నిజంగానే అట్లా ఉండెనో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె కొడుకు గొడ్డలికి పదును పెడుతుంటే ఆమె ముఖం ఎట్లా ఉందో నేను చూసుకోలేదు. ఆ రోజు నా చూపంతా పురుగు మీదనే ఉండె.

చిక్కుడుకాయ కూరతో అన్నం పెట్టింది. తిన్న. కొడుకు డ్యూటీకి పోతూ బస్టాండు దాకా నన్ను తోలుకపోయిండు. వరంగల్ బస్సు వచ్చి ఆగింది. నేను ఎక్కబోతుంటే అన్నడు:

"సార్, యాడికి మీ మీద కోపం లేదు. నాకున్నది."

"ఉండనియ్యి తమ్మీ," అన్న. "ఉండాల్సిందే."

ఆయన తలూపి, టిఫిన్ డబ్బా సంచి భుజానికి వేసుకొని బాయి దిక్కు నడిచిండు. వెనుదిరిగి చూడలేదు. నేను కిటికీ పక్కన కూసొని, ఆయన ఆ నల్లటి రోడ్డు మలుపు తిరిగేదాకా చూసిన. తరువాత బస్సు కదిలింది.